రంగం వెళ్లేవారికి బండి సలహాలు

మామిడికుదురు బుల్లిరాజు గారికి ఒకటే పిచ్చి. ఎవరైనా దేశం విడిచి వెళుతున్నారని చెవిన పడితే చాలు, ఎందుకు వెళుతున్నావని అడిగేవారు కాదు, ఎప్పుడు తిరిగొస్తావని అడిగేవారు కాదు. "అది సరే, బండి సంగతి ఏం చేశావు?" అని అడిగేవారు. సొంత మేనల్లుడు కాశీ బయలుదేరి కాళ్లకు దణ్ణం పెడితే, దీవెన కన్నా ముందు ఆ ప్రశ్నే వచ్చింది. పక్కవీధిలో ఒక ముసలాయన ఆఖరి ఊపిరి మీద ఉంటే చూడటానికి వెళ్లి, అలవాటు కొద్దీ ఆయన్నీ అదే అడిగారని చెప్పుకుంటారు. ముసలాయన దిగ్గున లేచి కూర్చుని, బండి పెద్ద కొడుక్కా చిన్న కొడుక్కా అన్నది తేల్చలేక మరో మూడేళ్లు బతికాడట.

అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నాలుగైదేళ్లయింది. కోనసీమలో కాలువలు ఇంకా తవ్వుతూనే ఉన్నారు. సముద్రం అవతల రంగూన్ పట్నం కొత్తగా కుంపిణీ వాళ్ల చేతికి వచ్చింది. మనవాళ్లు దాన్ని రంగం అనేవారు. కోరంగి రేవులో ఓడ ఎక్కి రంగానికో, ఆ దేశంలోనే ఉన్న మౌల్మీను రేవుకో పోయి నాలుగేళ్లు పని చేసుకొచ్చేవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. ఓడ ఎక్కడానికి ముందు వాళ్లంతా బుల్లిరాజు గారి అరుగు ఎక్కాల్సిందే. ఎక్కకపోతే ఆయనే వెతుక్కుంటూ వచ్చేవారు.

"వెళ్లగానే బండి కొనెయ్యకు. మొదటి రోజు గట్టున నిలబడి, అక్కడి బండ్లు ఏ పక్కగా పోతున్నాయో చూడు. రెండో రోజు ఎవరిదైనా అడిగి తోలి చూడు. కొన్నాక అది నీదేనని తాటాకు మీద రాయించుకో. ఇంకోటి, అక్కడి ఎద్దులకు తెలుగు రాదు. ముందు వాటి మాటలు నేర్చుకో. మనుషుల మాటలు మెల్లగా నేర్చుకోవచ్చు."

ఇన్ని చెప్పే పెద్దమనిషి ఎక్కడికైనా వెళ్లారా అంటే ఎక్కడికీ వెళ్లలేదు. పుట్టింది గోదావరి పాయల నడుమ. ఎటు నడిచినా రెండు గంటల్లో నీళ్లు అడ్డొస్తాయి. ఆయనకేమో నీళ్లంటే చచ్చేంత భయం. తప్పనిసరై ఎప్పుడైనా రేవు దాటాల్సివస్తే, రెండు పడవలు జతకట్టి బల్ల వేసిన పంటి మీదికి బండితో సహా ఎక్కేసి, గూడు కింద కళ్లు మూసుకుని కూర్చుని, "దాటేమా? దాటేమా?" అని అడుగుతూ ఉండేవారు. పంటి ఇంకా కట్టు విప్పకముందే అడగడం మొదలయ్యేది.

ఆయన భార్య సత్యనారాయణమ్మ గారిని ఎవరైనా ఓదార్చబోతే ఆవిడ నవ్వేసేవారు. "నాకిది కొత్తేం కాదమ్మా. సంబంధం చూడ్డానికి మా ఇంటికొచ్చి, ఆయన నా మొహం చూడనే లేదు. మా నాన్నగారి బండి కింద దూరేరు. ఇరుసు బాగుందని చెప్పి పిల్లని ఖాయం చేసుకున్నారు."

మౌల్మీనులో ఆరేళ్లు పనిచేసి ఇశ్రాయేలు అనే అతను తిరిగొచ్చాడు. ఇంటికి పోతూ బుల్లిరాజు గారి కంట్లో పడటం అతని ఖర్మ. మూట నెత్తిమీద నుంచి దించకుండానే విచారణ మొదలైంది.

"అక్కడ చక్రానికి ఆకులెన్ని?"

"లెక్కపెట్టలేదండీ. నేను కలప అడితీలో చేసేనండీ. అక్కడ దుంగలన్నీ ఏనుగులు లాగుతాయండీ."

"ఏనుగులా! కాడి ఎలా కడతారు?"

"కాడి ఉండదండీ. గొలుసులండీ."

"పోనీ, బండ్లే లేవా?"

"ఆయ్, ఉన్నాయండీ. కీచుమని చెవులు చిల్లులు పడేలా అరుస్తాయండీ. ఇరుసుకి కందెన వెయ్యరండీ. అలా అరిస్తేనే బండికి మంచిదంటారండీ ఆళ్లు."

బుల్లిరాజు గారు ఆ పూట అన్నం ముట్టలేదు. "కందెన వెయ్యరట! ఆ ఎద్దులు చెవులెక్కడ పెట్టుకోవాలి?" అని విస్తరి ముందు కూర్చుని బాధపడ్డారు. మర్నాటి నుంచి దేశం వెళ్లే ప్రతివాడి చేతిలోనూ ఒక వెదురుగొట్టం పెట్టేవారు. దాని నిండా ఆయన స్వయంగా ఆముదమూ మసీ కలిపి నూరిన కందెన. ఆవకాయ జాడీ మరిచిపోయినవాళ్లున్నారు గానీ, ఆ గొట్టం తప్పించుకున్నవాడు లేడు.

మొదట్లో ఆయన, బండి అమ్ముకోవద్దు, విప్పి ఓడలో వేసుకుపో అని చెప్పేవారు. కొత్తపేట బంగారయ్య అది నమ్మాడు. ఇరుసు, నొగలు, కాడి, చక్రాలు విడివిడిగా కట్టి కోరంగి మోసుకెళ్లాడు. ఓడ సరంగు నానా తిట్లూ తిట్టి అన్నీ గట్టు మీదికి గిరాటేశాడు. బంగారయ్య కాళ్లావేళ్లా పడితే ఒక్క చక్రం మాత్రం రానిచ్చాడు. ఆ ఒంటి చక్రంతో బంగారయ్య రంగం చేరి, దానికి జోడు వెతుక్కుంటూ ఏడాది గడిపాడు. అక్కడి చక్రాల ఎత్తు వేరు. చివరికి ఎలాగో జతచేసి తోలితే, బండి ముందుకు పోకుండా చుట్టూ తిరిగింది. ఉక్రోషంతో అతను ఊరికి కబురు పంపాడు. బుల్లిరాజు గారు కబురంతా శ్రద్ధగా విని, "తీసుకెళ్లింది కుడి చక్రమా, ఎడమదా?" అని అడిగారు.

అడిగారే గానీ, ఆ దెబ్బతో ఆయన సలహా మార్చుకున్నారు. "అమ్మకు, తీసుకెళ్లకు. నా దగ్గర వదిలెయ్. వచ్చి తీసుకో." అలా ఆయన దొడ్లో ఆరు బండ్లూ ఆరు జతల ఎద్దులూ చేరాయి. వారానికి ఒక్కరోజు ఒక్కో బండి కట్టి స్వయంగా తోలుకెళ్లేవారు. తిప్పకపోతే బండి పాడవుతుందట. ఖాళీగా తిప్పినా పాడవుతుందట, చక్రాల ఆకులు వదులైపోతాయట. అందుకని ఒక వడ్ల బస్తా వేసుకుని బయలుదేరేవారు. సాయంత్రం వట్టి బండితో తిరిగొచ్చేవారు.

"బస్తా ఏదండీ?" అనేవారు సత్యనారాయణమ్మ గారు.

"ఎద్దులు అలిసిపోయాయి. దారిలో దించేశాను."

వారంలో ఆరు రోజులూ ఎద్దులు అలిసిపోతూనే ఉండేవి. దించిన బస్తా మళ్లీ తెచ్చుకోవాలన్న ధ్యాస కూడా లేని మనిషని ఊరంతా జాలిపడింది.

సరిగ్గా అప్పుడే గంగయ్యకు రంగం పిచ్చి పట్టింది. గంగయ్యది గోదావరి వైనతేయ పాయ నడుమ ఉన్న లంక మీద ఇల్లు. ఒక పడవ, ఒక వల, భార్య పైడమ్మ, ఇద్దరు చిన్న ఆడపిల్లలు, అతనికున్నవి అంతే. రెండేళ్లుగా వేట సరిగ్గా లేదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఒకడు వచ్చి, రంగం రేవులో పనుందని, పడవ కోరంగిలో అమ్మేసి ఓడెక్కమని నూరిపోశాడు.

పైడమ్మకు మొగుడు వెళ్లడం ఇష్టం లేకపోయినా, పిల్లల మొహం చూసి సరేనంది. పడవ అమ్మడం మాత్రం ఆమె గుండెకు ఒప్పలేదు. పడవ ఉంటే ఎప్పటికైనా దానికోసం వస్తాడు. అది కూడా లేకపోతే ఏం చూసుకుని వస్తాడు? వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లను ఆమె ఎరుగును. ఈ మాట గంగయ్యతో అంటే నామీద నమ్మకం లేదా అంటాడు. అందుకని, "పోయేవాళ్లంతా బుల్లిరాజు బాబుగారిని అడుగుతున్నారంట, మనమూ అడుగుదాం," అని అతన్ని లాక్కొచ్చింది. ఆయన ఎవరినీ ఏదీ అమ్మనివ్వరని ఆమె వినే ఉంది.

"రంగమా? అది సరే, బండి సంగతి ఏం చేశావు?" అన్నారు బుల్లిరాజు గారు, వాళ్లు అరుగు దగ్గరికి రాకముందే.

"మాకు బండి లేదండీ బాబుగారూ. పడవండీ," అన్నాడు గంగయ్య.

ఇలాంటిది ఆ అరుగు మీద ఎన్నడూ జరగలేదు.

"ఇరుసు ఉంటుందా దానికి?"

"ఉండదండీ."

"చక్రాలు?"

"ఉండవండీ."

"మరి దేనిమీద పోతుందయ్యా?"

"నీళ్లమీదండీ."

నీళ్లు అనేసరికి ఆయన అరుగు స్తంభాన్ని పట్టుకున్నారు. దాన్ని వదలకుండానే, "ఏదైతేనేం, అమ్మకు," అన్నారు. పైడమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మకపోతే ఎలాగండీ?" అన్నాడు గంగయ్య. "గట్టెక్కిస్తే ఎండిపోయి చెక్కలు విచ్చుకుపోతాయండీ. నీళ్లలో తిరుగుతూ ఉండాలండీ అది. ఈవిడకి పీతలు పట్టుకుని అమ్ముకోడానికే రోజు చాలదు. పిల్లల్ని చూసుద్దా, పడవని చూసుద్దా? దగ్గరుండి తిప్పించేవాళ్లెవరండీ?"

బుల్లిరాజు గారు పైడమ్మ వైపు చూశారు. ఆమె కొంగు కొస నోట్లో కుక్కుకుని నేల చూస్తోంది.

"నేను తిప్పిస్తాను," అన్నారాయన. "గురువారం నాకు ఖాళీ."

ఇంట్లో సత్యనారాయణమ్మ గారి చేతిలోని ఇత్తడి బిందె కిందపడి దొర్లుకుంటూ వాకిట్లోకి వచ్చింది. గంగయ్య పడవ అమ్మడం మానుకున్నాడు. బండి లేదు మొర్రో అన్నా వినకుండా అతనికీ ఒక కందెన గొట్టం ఇచ్చి పంపించారు.

అతను వెళ్లిన తరవాతి గురువారం, పొద్దున్నే రేవు దగ్గర బండి ఆగింది. అందులోంచి బుల్లిరాజు గారూ ఒక వడ్ల బస్తా దిగారు. పైడమ్మ పడవ తెచ్చి ఆనించింది. ఆయన ఒక కాలు పడవలో పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఎక్కేసరికి ఎండెక్కింది. ఎక్కగానే మధ్యలో చతికిలబడి కళ్లు మూసుకున్నారు.

"బస్తా ఎందుకండీ?" అంది పైడమ్మ.

"ఖాళీగా తిప్పకూడదు. బరువుండాలి."

"బరువుకి ఇసక చాలునండీ."

"ఇసకా! పడవేమనుకుంటుంది?" అన్నారాయన కళ్లు తెరవకుండానే.

పైడమ్మ గడ వేసి తోసింది. పడవ ఊగినప్పుడల్లా ఆయన ఎద్దుల్ని నిలిపినట్టు "హో... హో..." అనేవారు. లంక చేరాక బస్తా దింపించేసి, "ఇక పద, వెనక్కి," అన్నారు. బస్తా మరిచిపోయారేమోనని పైడమ్మ వారం రోజులు దాని జోలికి పోలేదు. ఆమె పేదదే గానీ ఒకరి గింజ ఊరికే తినే మనిషి కాదు. అంతకుముందు ఊరి పెద్ద ఒకాయన జాలిపడి బియ్యం పంపిస్తే, మూట విప్పకుండానే తిప్పి పంపింది. మరుసటి గురువారం, "మీ వడ్లండీ," అంటే, "అవి కదిపితే పడవ లెక్క తప్పుతుంది, అక్కడే ఉండనీ," అన్నారు. రెండో బస్తా కూడా దిగింది. ఏం లెక్కో ఆమెకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు, శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పేరు కదా అనుకుంది. పిల్లలు ఆకలంటే మూట విప్పి, ఎన్ని శేర్లు తీసిందో గోడమీద బొగ్గుతో గీతలు గీసుకుంది.

శ్రావణంలో వరద వచ్చింది. లంకలో సగం మునిగింది. పైడమ్మ పిల్లలతో మెరకమీద పాక వేసుకుంది. ఉన్న వడ్లు తడిసి మొలకెత్తిపోయాయి. పీతల్లేవు, చేపల్లేవు, సంతకు దారి లేదు. అయిదో రోజుకు పోటు తగ్గి, నీళ్లు ఇంకా ఎర్రగానే సాగుతున్నాయి. ఆ రోజు గురువారం. అవతలి గట్టున తాటాకు గొడుగొకటి అటూ ఇటూ ఊగడం ఆమెకు కనిపించింది.

పైడమ్మ ఒళ్లు మండిపోయి పడవ వేసుకెళ్లింది.

"ఇవాళ కూడానా బాబుగారూ! నాలుగు రోజులనించీ పడవ నీళ్లలో దానంతటదే తిరుగుతోందండీ. ఇంకా తిప్పేదేముందండీ?"

"గురువారం గురువారమే," అన్నారు బుల్లిరాజు గారు. ఆయన పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బస్తాను ముందు ఎక్కించి, దాన్ని కౌగిలించుకుని కూర్చున్నారు.

పాయ మధ్యలో పడవ ఒక పక్కకు ఒరిగింది. "హో! హో! ఓరి నాయనా, హో!" అని ఆయన వరద గోదావరికి కేకలు పెట్టారు. అంత భయంలోనూ పైడమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగా ఒక సంగతి తట్టింది.

"బాబుగారూ, ఒకటి అడుగుతానండీ. వచ్చేటప్పుడు పడవకి బరువు కావాలంటారు కదండీ. మరి బస్తా మాకాడ దించేసి వెళ్లేటప్పుడు అక్కర్లేదాండీ?"

బుల్లిరాజు గారు ఒక కన్ను తెరిచారు. నీళ్లమీద ఆయన కన్ను తెరవడం అదే మొదలు.

"వెళ్లేటప్పుడు నేనుంటాను కదా, బరువుకి."

"వచ్చేటప్పుడూ ఉన్నారు కదండీ."

ఆయన తెరిచిన కన్ను కూడా మూసేసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. పైడమ్మ గడ ఆపేసి ఆయన్ను చూస్తూ నిలబడిపోయింది. ఆరు బండ్లు, ఆరిళ్లు, ఆరుగురు ఆడవాళ్లు. అలిసిపోయిన ఎద్దులన్నీ ఏ వాకిళ్లలో అలిసిపోయాయో ఆమెకు అప్పుడు తెలిసింది. ఏడిస్తే ఈయన పరువు పోతుంది, బస్తా వద్దంటే ప్రాణమే పోతుంది అనుకుని కొంగుతో మొహం తుడిచేసుకుంది.

"ఆయ్, నిజమేనండీ," అంది. "ఎర్రనీళ్లలో బరువు ఎక్కువ కావాలండీ. నేనే మరిచిపోయేను."

"అదీ! అలా చెప్పు," అన్నారు బుల్లిరాజు గారు, ఊపిరి పీల్చుకుని.

ఆ రోజునుంచి పైడమ్మ గోడమీద గీతలు గీయడం మానేసింది. సంతలో మిగతా ఆడవాళ్లు కనిపిస్తే, వాళ్లకూ ఎప్పుడో తెలుసని బయటపడింది. అంతా కూడబలుక్కున్నట్టు ఆయన ముందు మాత్రం, "ఎద్దులు మరీ నీరసంగా ఉంటున్నాయండీ," అని దిగులుగా చెప్పేవారు.

రెండేళ్లకు గంగయ్య వచ్చాడు. వస్తూనే ముందు పడవ చూసుకున్నాడు. చెక్క చెదరలేదు. తరవాత పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఈ వరుస చూసి పైడమ్మకు కోపం రావాలి గానీ, ఆమెకు ఎంతో సంతోషం వేసింది. ఇద్దరూ దణ్ణం పెట్టడానికి వెళితే బుల్లిరాజు గారు దాన్ని పట్టించుకోనే లేదు.

"కందెన ఏం చేశావు?"

"మా మేస్త్రీ మోకాళ్లకి రాసేనండీ. నొప్పులు పోయాయని నన్ను వదిలిపెట్టనన్నాడండీ. అది అయిపోయేకే రానిచ్చేడండీ."

బుల్లిరాజు గారు చాలాసేపు ఆనందించారు. ఆ తరవాత ఎందుకో మొహం వాడిపోయింది. సంగతేమిటో గంగయ్యకు తెలియలేదు గానీ, పైడమ్మకు తెలుసు. లంక ఆ చివర ఉండే మరిడమ్మ మొగుడు ముందు వారమే రంగం వెళ్లాడు. అతను కూలి మనిషి. బండి లేదు, పడవ లేదు, చేతికర్ర తప్ప ఏమీ లేదు. బుల్లిరాజు గారు అతన్ని కూడా, బండి సంగతేం చేశావని అడిగి, లేదంటే ఏం చెప్పాలో తెలియక లోపలికి వెళ్లిపోయారట. మరిడమ్మకు ముగ్గురు పిల్లలు. ఆమె పైడమ్మ కన్నా రోషగత్తె.

గురువారం వచ్చింది. పడవకు యజమాని వచ్చేశాడు కాబట్టి ఆయన రావలసిన పని లేదు. అయినా రేవులో బండి ఆగింది. ఆయన దిగి, బస్తా దించుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియనట్టు దానిమీదే కూర్చున్నారు.

"నేనొచ్చేసేను కదండీ బాబుగారూ, మీకెందుకండీ ఈ శ్రమ..." అని గంగయ్య మొదలుపెట్టేసరికి పైడమ్మ అతని నడుం మీద గట్టిగా గిల్లింది.

"ఈయన రెండేళ్లు పడవ ముట్టుకోలేదండీ," అంది. "చెయ్యి తప్పిపోయిందండీ. మీరు పక్కన కూచుని నేర్పాలండీ. బస్తా కూడా ఎక్కించండి. బరువు లేకపోతే ఈ మనిషి అసలే తోలలేడు."

పడవలోనే పుట్టిన గంగయ్య నోరు వెళ్లబెట్టాడు. బుల్లిరాజు గారు అప్పటికే పడవ మధ్యలో కూర్చుని కళ్లు మూసుకుని, "కుడిపక్కకి పో! మెల్లగా! గతుకులున్నాయి, చూసుకో!" అని నేర్పడం మొదలుపెట్టారు.

పైడమ్మ పడవను తమ ఇంటివైపు పోనివ్వలేదు. లంక ఆ చివరకు తిప్పించి, మరిడమ్మ పాక ముందు ఆనించింది.

"వదినా, ఒక సాయం చేసిపెట్టాలి. పడవలో చెమ్మకి బాబుగారి వడ్లు మెత్తబడ్డాయి. మా వాకిలి పల్లం. నీ వాకిట్లో ఆరబోసుకోనియ్యవా?"

సాయం అంటే మరిడమ్మ ఎలా కాదంటుంది? బస్తా తనే భుజాన వేసుకుని మోసుకుపోయింది. బుల్లిరాజు గారు రెండు కళ్లూ తెరిచారు. చుట్టూ నీళ్లున్నాయన్న సంగతి కూడా మరిచి పడవలో లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్ మరిడమ్మా! వడ్లు ఆరాక దంచకుండా ఉంచకూడదు. దంచిన బియ్యం వండకుండా ఉంచకూడదు. అలా ఉంచితే పడవకు మహా చెడ్డది. వచ్చే గురువారం మళ్లీ చెమ్మగిల్లినవి తెస్తాను."

బియ్యం వండకపోతే పడవకేం చెడ్డదండీ అని అడగబోయి గంగయ్య ఇటు తిరిగాడు. పైడమ్మ గడ తీసి అతని చేతిలో పెట్టింది.

"నీకు తెలీదులే. నువ్వు తోలు," అంది.